అప్పాజీ కన్నులు

జూన్ 23వ తేది కొండవీటి దుర్గము శ్రీకృష్ణదేవరాయలకు వశమైన దినము. గుంటూరునుండి నరసరావుపేటకు పోవు దారిలో, ఫిరంగిపురము చేరువను ఉన్న ఆ కొండ నెక్కినవారికి మొదట కనబడునవి సీతాఫలపు చెట్లు. వాని నడుమ అచ్చటచ్చట ఒరిగిన బురుజులు. అటుపైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అను మూడు తటాకములు. వేయి అడుగులకు పైబడిన ఎత్తున నీరు నిలుపుకొన్న దుర్గమును లొంగదీయుట ఎంత కష్టమో ఆ చెరువుగట్టుపై నిలుచున్నవానికి ఎవరును చెప్పనక్కరలేదు. 1515వ సంవత్సరమున, యువనామ సంవత్సర ఆషాఢమున, దానిని కళింగమునేలు గజపతులనుండి గైకొన్న కీర్తిని శాసనములు రాయలతోపాటు ఆయన మహాప్రధాని సాళువ తిమ్మరుసునకును పంచి యిచ్చినవి. రాజ్యరక్షాభారమును మోసిన మంత్రులలో తెలుగువారు నేటికిని ఇంటిపెద్దవలె తలచుకొను పేరు అది యొక్కటే.

రాజ్యరక్షకు మంత్రి యను తలంపు మనకు మిక్కిలి ప్రాచీనమైనది. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున రాజ్యమునకు సప్తాంగములు చెప్పుచు, స్వామి తరువాత అమాత్యుని నిలిపి, దుర్గమును నాలుగవ స్థానమున, సేనను ఆరవ స్థానమున ఉంచెను. అనగా గోడకంటె, కత్తికంటె మంత్రి ముందువాడు. శతాబ్దులపాటు కనుమరుగై యుండిన ఆ అర్థశాస్త్రపు ప్రతి 1905లో మైసూరున శామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చయినది. శాతవాహన శాసనములలో అమాత్యుల పేర్లు కలవు. కాకతీయుల కాలమునను మంత్రులు, దండనాయకులు కలరు. వారి పేర్లు దానశాసనములలో మిగిలినవి గాని మనసులు మిగులలేదు.

తిమ్మరుసు మనసు మాత్రము మిగిలినది. పోర్చుగీసు నూనిజు వ్రాసిన కథ యిది: వీరనరసింహరాయలు మరణశయ్యపై నుండి, తన కుమారునికి రాజ్యము దక్కవలెనని, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు పెరికి తెమ్మని ఆజ్ఞాపింపగా, తిమ్మరుసు ఆ యువకుని దాచి, మేకకన్నులు తెచ్చి చూపి, ఏలికను శాంతింపజేసెనట. ఇది జరిగినను జరుగకున్నను, 1509లో సింహాసన మెక్కిన రాయలు ఆ మంత్రిని ‘అప్పాజీ’ యని తండ్రిని పిలిచినట్లు పిలిచినాడని మన కథలన్నియు చెప్పుచున్నవి. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన మరియొక పోర్చుగీసువాడు పేయిజు సైతము, రాజునకు అత్యంత ప్రీతిపాత్రుడైన ఆ వృద్ధునియెడ సామంతులు రాజునెడ మెలగినట్లే మెలగుదురని వ్రాసెను.

నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము రాయవాచకములోనిది. తరువాతి కాలపు రచన గనుక అందులోని ప్రతి మాటయు చరిత్ర కాకపోవచ్చును. కాని మంత్రి యనువాడు ఎట్లుండవలెనని తెలుగువారు తలచిరో అది చక్కగా చెప్పును. ఉదయగిరి, కొండవీడు దాటి రాయల దండు కళింగదేశము చొచ్చినది. ఎదుట గజపతి, ఆయనను కాచుకొని పదునార్గురు మహాపాత్రులు. వారు కలసియున్నంతకాలము గజపతిని గెలుచుట కల్ల. అప్పుడు అప్పాజీ ఏనుగులను పంపలేదు, పెట్టెలను పంపెను. పదునార్గురి పేరిట పదునారు పెట్టెలు. ఒక్కొక్కదానిలో సొమ్ములును, వానిక్రింద ఒక జాబును. మీరు ఒప్పుకొన్న ప్రకారము గజపతిని మాకు పట్టి యిండు, మేము ఒప్పుకొన్నది ఇదిగో పంపుచున్నాము అని దాని తాత్పర్యము. ఆ పెట్టెలు మహాపాత్రులకు చేరవలెనని కాదు, దారిలోనే గజపతి మనుష్యులకు చిక్కవలెననియే ఆయన పంపినది, అట్లే చిక్కినవి. మూత తీసి, సొమ్ములు ప్రక్కకు నెట్టి, ఆ జాబు చదువుకొన్న గజపతి, తనకొరకు ప్రాణమీయ సిద్ధముగా నున్న పదునార్గురి ముఖములను మరల నమ్మలేక, ఒక్కరికిని చెప్పక రాత్రికి రాత్రి విడిది విడిచిపోయెను. ఒక బాణము వదలనక్కర లేకపోయినది. స్వామికిని అమాత్యునికిని నడుమ నుండు నమ్మకమే తొలి దుర్గమని అప్పాజీ ఎరిగియుండెను. అందుకే దానినే కొట్టెను.

ఆ అనుమానమే కొన్నియేండ్లకు విజయనగరమునకు వచ్చినది. నూనిజు కథనము ప్రకారము, రాయలు ఆరేండ్ల కుమారునికి పట్టము గట్టెను. ఉత్సవములు జరుగుచుండగనే, ఎనిమిది నెలలలోపల, బాలుడు మరణించెను. తిమ్మరుసు కొడుకు విషము పెట్టినాడని రాజు చెవిని పడినది. వృద్ధమంత్రిని కొడుకులతో గూడ చెరబెట్టిరి. మూడేండ్లకు ఒక కొడుకు తప్పించుకొని పోయి తిరుగబడి, పట్టుబడిన పిమ్మట, ఆ రాజు ఆజ్ఞచేతనే తండ్రి కన్నులును తీయించిరి. ఒకనాడు మేకకన్నులు చూపి ఏలిక కన్నులు కాపాడినవానికి ఏలిక చేసిన ప్రత్యుపకారము ఇది. సాక్షి ఎవరు? అప్పాజీ చెప్పుకొన్నదేమి? ఆ కథలో ఎక్కడను లేదు. నేను రాయలను ఎంత ప్రేమింతునో, ఈ ఒక్క పనికి ఆయనను అంత క్షమింపజాలను.

1962 జూలైలో ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రము విడుదలైనప్పుడు, గుమ్మడి వెంకటేశ్వరరావుగారు వేసిన ఆ పాత్రను చూచి కంటనీరు పెట్టుకొననివారు అరుదు. ఆ సంవత్సరమే అక్టోబరు 20న చైనా సేనలు హిమాలయములు దిగివచ్చినవి. నవంబరు 7 నాటికి రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి కోల్పోయెను. ఆయన లోపములను కప్పిపుచ్చవలసిన పనిలేదు. అయినను 1958లో రక్షణ పరిశోధన సంస్థ ఏర్పడినదియు, క్షిపణుల పరిశోధనశాల హైదరాబాదు చేరినదియు ఆయన హయాముననే. ఆ యోటమిపై సైన్యము జరిపిన విచారణ నివేదికను నేటివరకు ఏ ప్రభుత్వమును ప్రకటింపలేదు.

తొలి రక్షణమంత్రి బలదేవ్ సింగ్; అయితే 1948 సెప్టెంబరు నాటి హైదరాబాదు చర్యను తలచుకొన్నప్పుడు మనకు జ్ఞప్తికి వచ్చువాడు హోంమంత్రి పటేలు. మన పి.వి. నరసింహారావుగారు 1984లో హోంశాఖను, ఆ యేటి చివర రక్షణశాఖను చూచిరి; పిమ్మట ప్రధానియై రక్షణశాఖను కొంతకాలము తమవద్దనే ఉంచుకొనిరి. 1998 నవంబరునుండి మంత్రి కాని జాతీయ భద్రతా సలహాదారు వచ్చినాడు. 2019 డిసెంబరులో త్రివిధ దళాధిపతి పదవిని ఏర్పరచిరి. రాజ్యరక్ష యెవరిదని అడిగిన నేడు ఒక్క వ్రేలితో చూపుటకు వీలు లేదు. కాని కార్గిల్ యుద్ధముపై సమీక్షా సంఘము వ్రాసిన నివేదికను, గోప్యభాగములు తొలగించియైనను, 2000లో పార్లమెంటు ముందుంచిరి. 1962 నాటి నివేదికకును అట్టి వెలుగు దక్కవలెను. అరువదేండ్లు దాటిన పిమ్మట దానిని దాచుటకు కారణము నాకు కనబడదు.

హైదరాబాదునుండి బెంగళూరు పోవు రహదారి చేరువనే పెనుకొండ కలదు. తిమ్మరుసు సమాధి యని అచ్చటివారు ఒక కట్టడమును చూపుదురు. ఆ దారిన పోవునప్పుడు బండి ఆపి, పిల్లలను వెంటబెట్టుకొని చూచి పొండు. పెట్టెల కథ వారికి అచ్చటనే చెప్పుడు.