తలతో గెలిచిన మనిషి

ఫుట్‌బాల్ అంటే కాళ్లతో ఆడే ఆట అని కదా మనం అనుకుంటాం! స్కాట్లండులో తలతో పేరు తెచ్చుకున్న ఒకాయన ఉండేవాడు. పేరు బిల్లీ మెక్‌నీల్. గ్లాస్గో దగ్గర బెల్స్‌హిల్‌లో 1940లో పుట్టాడు. 1957లో సెల్టిక్ క్లబ్బులో చేరి, 1975లో ఆట మానేసేదాకా దాన్నే అంటిపెట్టుకుని ఉన్నాడు.

గోలు వేసేవాడికి దండలు వేస్తారు. గోలు పడకుండా కాపు కాసేవాణ్ణి ఎవరు తలుచుకుంటారు చెప్పండి? పాలు పొంగకుండా చూసినంతకాలం మనల్ని ఎవరూ పలకరించరు, పొంగిన రోజున మాత్రం ఇంటిల్లిపాదీ వచ్చేస్తారు! మెక్‌నీల్‌ది సరిగ్గా ఆ ఉద్యోగమే. గోలు ముందు నడిమధ్యన నిలబడి, పైనుంచి వచ్చిన బంతినల్లా తలతో తిప్పికొట్టేవాడు. సెల్టిక్ తరఫున 790 మ్యాచ్‌లాడితే, ఒక్కసారి కూడా అతన్ని తప్పించి ఇంకొకర్ని దింపలేదట.

1957 తర్వాత ఆ క్లబ్బు పెద్ద కప్పు మొహం చూడలేదు. 1965లో స్కాటిష్ కప్పు ఫైనల్లో డన్ఫర్మ్‌లైన్‌తో 2-2 దగ్గర ఉండగా, ఇంకో తొమ్మిది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, కార్నర్ నుంచి వచ్చిన బంతికి మెక్‌నీల్ ఎగిరి తల ఆనించాడు. 3-2! అక్కణ్ణించి క్లబ్బు దశ తిరిగింది. 1967 మే 25న లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ని 2-1తో ఓడించి, యూరోపియన్ కప్పు అందుకున్న మొదటి బ్రిటిష్ క్లబ్బయింది. కప్పు ఎత్తిన కెప్టెన్ మెక్‌నీలే. ఆ పదకొండుమందీ గ్లాస్గోకి ముప్ఫై మైళ్ల లోపల పుట్టినవాళ్లే!

ఇంతవరకూ సంబరమే. 2017లో ఆయనకి డిమెన్షియా వచ్చిందని ఇంటివాళ్లు బయటపెట్టారు. 2019 ఏప్రిల్ 22న, 79వ ఏట కన్నుమూశాడు. అదే ఏడు గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు 7,676 మంది మాజీ ఆటగాళ్ల లెక్కలు తీశారు. మెదడు క్షీణించే జబ్బులతో పోయేవాళ్లు మామూలు జనంలోకంటే వీళ్లలో మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. 2021లో మళ్లీ చూస్తే, డిఫెండర్లకే ఈ ముప్పు అందరికన్నా ఎక్కువ, గోల్‌కీపర్లకి మామూలు మనుషులతో సమానం.

మెక్‌నీల్‌కి జబ్బు బంతివల్లే వచ్చిందని నేననను. ఒక మనిషి విషయంలో అంత గట్టిగా చెప్పడం కష్టం. కానీ స్కాట్లండు వాళ్లు ఊరుకోలేదు. 2020లో పన్నెండేళ్ల లోపు పిల్లలకి శిక్షణలో తలతో బంతి కొట్టించడం మాన్పించారు. మన పిల్లాడు మట్టికొట్టుకుని గ్రౌండు నుంచి వచ్చినప్పుడు, ‘‘ఎన్ని గోల్సు వేశావురా?’’ అంటాం. ‘‘తలకేమైనా తగిలిందా నాన్నా?’’ అని కూడా అడిగితే పోయేదేముంది?