ఆటోమేటిక్ కారుకి జ్వరం ఎందుకొస్తుంది? 1939 నుంచి మూసారాంబాగ్ దాకా

పోయిన మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మూసారాంబాగ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయా. పక్క సీట్లో అమ్మ. సడెన్‌గా గేర్‌బాక్స్ వేడెక్కిందని వార్నింగ్. భయపడి వెంటనే ఇంజిన్ ఆపేశా. అది తప్పని తర్వాత తెలిసింది. మెకానిక్ అన్న ఆయిల్ తీసి చూపించాడు: ఎర్రగా ఉండాల్సింది నల్లగా ఉంది, మాడు వాసన. అసలు ఈ వేడి ఎక్కడిదని చరిత్ర తిరగేశా.

1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ తెచ్చింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. పెద్ద ఎత్తున తయారైన మొదటి ఫుల్ ఆటోమేటిక్ ఇదే. క్లచ్ పెడల్ లేదు, ఇంజిన్ బలాన్ని గేర్లకి ఆయిలే అందిస్తుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా, అలాగన్నమాట. కారు ఆగి కదిలే ప్రతిసారీ రెండో ఫ్యాన్ వెనకబడుతుంది. ఆ తేడా అంతా వేడై ఆయిల్‌లోకి పోతుంది. అంటే వేడి పుట్టడం రిపేర్ కాదు, డిజైన్‌లోనే ఉంది. దాన్ని బయటికి పంపడమే అసలు పని.

అందుకే చాలా కార్లలో ఆ ఆయిల్‌ని రేడియేటర్‌లోని చిన్న కూలర్ గుండా తిప్పుతారు. తిప్పే పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది. నేను ఇంజిన్ ఆపగానే పంపూ ఆగింది! పక్కకి ఆపి, పార్కింగ్‌లో పెట్టి, ఏసీ ఆపి, ఇంజిన్ కాసేపు ఆన్‌లో ఉంచాల్సింది. పొగ, ఆయిల్ లీక్ ఉంటే, లేదా ఇంజిన్ కూడా వేడెక్కితే మాత్రం ఆపేయాల్సిందే.

వాతావరణం పెద్ద కంపెనీలకీ పాఠం చెప్పింది. 2013 నవంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లని వెనక్కి పిలిచి, 7 గేర్ల డీఎస్‌జీలో సింథటిక్ ఆయిల్ బదులు మినరల్ ఆయిల్ పోసింది. ఎండా ఉక్కపోతా ఉన్నచోట, ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో, కరెంట్ సమస్య వచ్చే ఛాన్స్ ఉందని.

2014లో మారుతి సెలెరియోతో మనకి చవకైన ఏఎంటీ వచ్చింది. అందులో మామూలు పొడి క్లచ్చే, కాలు బదులు మోటార్ తొక్కుతుంది. కాబట్టి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు జామ్ అయితే యాక్సిలరేటర్‌తో కారుని నిలబెట్టకండి, బ్రేక్ తొక్కండి. లేదంటే క్లచ్ మాడుతుంది.

వానాకాలం సంగతి వేరు. మూసీ పొంగి మన బ్రిడ్జి మూసేస్తే, నీళ్లలోంచి పోనిచ్చి చూడకండి. ప్రాణానికే ప్రమాదం. గేర్‌బాక్స్‌లోకి నీళ్లు పోతే ఆయిల్ పాలలా తెల్లబడుతుంది, అప్పుడు ఏ కూలరూ కాపాడదు.

మీ ఆయిల్ ఏ రంగులో ఉందో ఈ ఆదివారం చెక్ చేయించి కామెంట్ పెట్టండి. ఉంటా మరి!