బాణపు మీట తెచ్చిన చిక్కు

లెక్కల పుస్తకములో ఒక అంకె మారినచో, దానిపై ఆధారపడిన మొత్తములన్నియు మరల కట్టవలసినదే. ఈ శ్రమను తప్పించవలెనని అమెరికాలో హార్వర్డు వాణిజ్య విద్యాలయ విద్యార్థి డాన్ బ్రిక్లిన్ 1978లో ఆలోచించెను. అతడును, అతని మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టనును కలసి నిర్మించిన ‘విసికాల్క్’ 1979లో ఆపిల్-2 కంప్యూటరుపై వెలువడెను. 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు గల గళ్ళ కాగితమది. నేడు మనము వాడు స్ప్రెడ్‌షీట్లన్నియు దాని సంతతియే.

దీని గొప్పతనమేమనగా, గడిలో అంకెకు బదులు సూత్రమును వ్రాయవచ్చును. సూత్రములో కావలసిన గడి పేరును టైపు చేయనక్కరలేదు; బాణపు మీటతో ఆ గడి వద్దకు పోయిన చాలును, పేరు తానే వచ్చి చేరును. ఆపిల్-2కు ఎడమ, కుడి బాణములు రెండే ఉండుటచే, పైకిగాని క్రిందికిగాని పోవుటకు ముందుగా స్పేస్‌బారు నొక్కి దిక్కు మార్చుకొనవలసి యుండెను.

చిక్కు ఇచ్చటనే పుట్టినది. వ్రాసిన సూత్రమును దిద్దునపుడు అక్షరముల నడుమ కదలుటకును బాణపు మీటయే కావలెను. ఒకే మీటకు రెండు పనులు! 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో, యంత్రము ఏ స్థితిలో నున్నదో తెలుపు ‘పాయింట్’, ‘ఎడిట్’ అను మాటలు తెర పైమూలను కనిపించెడివి. 1985లో మాకింటాష్‌పై, 1987లో విండోస్‌పై వెలువడిన ఎక్సెల్‌లో ఆ మాట అడుగున ఎడమ మూలను కనిపించును. దానిని గమనింపక, ఒక అక్షరమును దిద్దబోయి ఎడమ బాణమును నొక్కినచో, సూత్రము నడుమ అక్కరలేని గడి పేరు వచ్చి కూర్చుండును. అప్పుడు యంత్రము తప్పని చెప్పినచో మేలే. జవాబు వచ్చియు అది తప్పయినచో ప్రమాదము.

నందిపేటలో ఒక చెరకు రైతు 20 ట్రాక్టరు లోడ్ల బరువులను 2వ వరుస నుండి 21వ వరుస వరకు వ్రాసెననుకొందము. ఒక్కొక్కటి 8 టన్నులు. బాణముతో గడులను చూపుచు 16వ వరుస వద్దనే ఆగెను. యంత్రము 120 టన్నులని చెప్పును. కూడికలో దోషము లేదు. 40 టన్నుల చెరకు మాత్రము లెక్కలో మాయమైనది.

ఇది ఊహించిన లెక్క. ఇట్టిది నిజముగనే జరిగినది. అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతము దాటిన సంపన్న దేశముల అభివృద్ధి కుంటుపడునని ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ 2010లో వ్రాసిరి. పలువురు రాజకీయవేత్తలు దీనిని ప్రభుత్వ వ్యయమును తగ్గించుటకు ఆధారముగా చూపిరి. మాసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ తరగతి అభ్యాసముగా ఆ లెక్కను మరల కట్టబోయెను. ఎంతకును సరిపడలేదు. వారి స్ప్రెడ్‌షీటునే తెప్పించి చూడగా, 30 నుండి 49 వరకు తీయవలసిన సగటు 44వ వరుసతోనే ఆగియుండెను! ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్కు వదలిపోయినవి. 2013లో సరిచేసిన లెక్కలో మైనస్ 0.1 శాతమునకు బదులు 2.2 శాతము వచ్చెను. ఈ వ్యత్యాసములో గడుల లోపము కొంత భాగమే. కొన్ని సంవత్సరముల అంకెలను విడిచిపెట్టుటయు, సగటు తీసిన పద్ధతియు అంతకంటె పెద్ద కారణములు. అయినను, వరుసలను లెక్కించిన ఒక విద్యార్థి వలననే ఇదంతయు బయటపడినది.

కావున సూత్రమును దిద్దుటకు ముందు ఎఫ్2 మీటను నొక్కి, మూలనున్న మాటను చూడవలెను. ముగించిన పిమ్మట వరుసలెన్నియో లెక్కించి, మొత్తమును నోటిలెక్కతో ఒకమారు సరిచూడవలెను. యంత్రము కూడగలదు, ఏమి కూడవలెనో చెప్పవలసినది మనమే.