దూరప్రయాణములందు నడిమి తరగతి



మొన్న మాఘమాసమున ఒకనాటి సాయంకాలము మా సిద్దిపేట కోమటిచెరువు కట్టమీద కూర్చుండి యుండగా, నా బాల్యమిత్రు డొకడు నన్నొక ప్రశ్న వేసెను. ఆతని కుమారుడు అమెరికాలో ఉద్యోగి. తల్లిదండ్రులను రమ్మని టిక్కెట్లు కొనబోవుచు, "నాయనా, విమానములో సామాన్యులు కూర్చుండు చోటునకును, ధనికులు పండుకొని పోవు చోటునకును నడుమ మఱియొక తరగతి యున్నది. దానిని ప్రీమియం ఎకానమీ యందురు. దానిలో రండు" అని చెప్పినాడట. "ఇట్టి తరగతి యొకటి యుండుట న్యాయమేనా? లేక మన మోకాళ్ల నొప్పిని చూచి సొమ్ము లాగుటకు పన్నిన పన్నుగడయా?" అని మిత్రు డడిగెను. వెంటనే బదులు చెప్పజాలనైతిని. ఇంటికి వచ్చి ఆలోచింపగా, ఈ ప్రశ్న విమానములతో పుట్టినది కాదనియు, మన తాతల నాటినుండి నడచుచున్న దనియు తోచినది. ఆ కథనే నేడు మీకు విన్నవించుచున్నాను.

రైలుబండితో మొదలిడుదము. మన దేశమున ప్రయాణికుల రైలు 1853లో బొంబాయినుండి ఠాణాకు నడచెను. నిజాము రాజ్యమున వాడినుండి సికింద్రాబాదునకు 1874లో వచ్చెను. ఆ సికింద్రాబాదునుండి మా సిద్దిపేటకు వచ్చుటకు మాత్రము 2023 అక్టోబరు 3వ తేదీవఱకు వేచియుండవలసి వచ్చెను. నూటనలుబదితొమ్మిది సంవత్సరములు! అందుచేత సొంత ఊరి స్టేషనులో రైలెక్కుటకు ముందే విమాన మెక్కి సముద్రములు దాటి వచ్చినవారు మాలో ననేకు లున్నారు. ఇది గొప్పగా చెప్పుకొనవలసిన మాటయో, సిగ్గుపడవలసిన మాటయో నే నెఱుగను.

ఆ కాలపు రైళ్లలో మొదటి తరగతి, రెండవ తరగతి, మూడవ తరగతి అను భేదములుండెను. పలు మార్గములందు రెండవదానికిని మూడవదానికిని నడుమ "ఇంటరు క్లాసు" అనునది వెలసెను. వెల మూడవ తరగతికంటె కొంత హెచ్చు, రెండవ తరగతికంటె చాల తక్కువ. గుమాస్తాలు, చిన్న వకీళ్లు, బడిపంతుళ్లు, విద్యార్థులు దాని నాశ్రయించిరి. మా తాతగారు కాశీయాత్రకు పోవుచు ఉత్తరదేశమున ఒక రాత్రి ఇంటరు క్లాసులో ప్రయాణము చేసిరట. ఆ సుఖమును ఆయన ముప్పది యేండ్లు చెప్పుకొనిరి. బల్లపై పలుచని పరుపు ఉండెనని కాదు. "తలుపు వేసికొన్న తరువాత ఎవ్వరును మీదబడి తొక్కలేదు" అని. సుఖమనగా ఆయన కంతియే.

మూడవ తరగతి ఎట్లుండెనో తెలిసికొనవలెనన్నచో 1917లో గాంధీమహాత్ముడు ఆ విషయముపై వ్రాసిన చిన్న పుస్తకము చూడవలెను. ఆయన ఆ సంవత్సరము సెప్టెంబరులో బొంబాయిలో మెయిలు బండి యెక్కి మద్రాసునకు పోయెను. టిక్కెట్టు వెల పదమూడు రూపాయల తొమ్మిది అణాలు. ఆ పెట్టె ఇరువదియిద్దఱికి కూర్చుండుటకు మాత్రమే ఏర్పడినది, పండుకొనుటకు వీలులేదు, ప్రయాణమో రెండు రాత్రులు. రాయచూరు చేరినపిదప త్రొక్కిడి భరింపరానిదయ్యెనని ఆయన వ్రాసినాడు. రాయచూరు అప్పటికి మన నిజాము రాజ్యములోనిదే. మొదటి తరగతివాడు మూడవ తరగతివానికంటె అయిదురెట్లకు పైబడి చెల్లించుచున్నాడు సరే, కాని మూడవ తరగతివానికి ఆ సుఖములో అయిదవ పాలైన, పదవ పాలైన దక్కుచున్నదా యని ఆయన యడిగెను. పైతరగతుల వైభోగమునకు మూడవ తరగతివాని సొమ్మే ధారపోయబడుచున్న దనియు ఎత్తిచూపెను.

ఇక్కడ నాకు తోచిన మాట యొకటి చెప్పెదను. ఇది నా ఊహయే గాని ఏ గ్రంథమునందును చదివినది కాదు. ఇంటరు క్లాసువలన మూడవ తరగతికి కలిగిన నష్టము చోటునుగూర్చినది కాదు. అర్జీ వ్రాయగలవాడు, స్టేషను మాస్టరుతో ఇంగ్లీషున వాదింపగలవాడు నాలు గణాలు హెచ్చు పెట్టి పై పెట్టెలోనికి పోయెను. మిగిలినవారు నోరులేనివారు. మొదటి తరగతిలో పోగల బారిస్టరు ఒకడు కావలెనని మూడవ తరగతిలో కూర్చుండినప్పుడు గాని ఆ పెట్టెలోని దుర్గంధము లోకమునకు తెలియలేదు.

తరువాత నేమైనది? స్వాతంత్ర్యానంతరము 1955లో పాత మొదటి తరగతిని తీసివేసి, రెండవదానికి మొదటిదని పేరు పెట్టిరి. ఇంటరు క్లాసు రెండవ తరగతి యయ్యెను. మూడవది మూడవదిగనే నిలిచెను. దాని పేరు 1974లో గాని పోలేదు. నేను బాలుడనై సికింద్రాబాదునుండి ఆ మూడవ తరగతి చెక్కబల్లలమీద ప్రయాణము చేసినవాడనే. నడిమి తరగతి లక్షణ మిది: అది ఉన్నచోట నిలువదు, పైకి ఎక్కిపోవును. అడుగుది అడుగుననే యుండును.

ఓడలలోను ఇంతే. మన కోస్తా తెలుగువారు పొట్టకూటికై కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి రంగూనునకు పోయినప్పుడు కూలీలకు డెక్కే శరణ్యము. ఆకాశము కప్పు, తెచ్చుకొన్న చాప పరుపు. అట్లాంటిక్ సముద్రముపై ఐరోపా బీదలు ఓడ అడుగు అంతస్తులో మూటలవలె పడి అమెరికాకు పోవుచుండిరి. 1924లో అమెరికావారు వలసలను మిక్కిలి తగ్గించు శాసనము చేయగా ఆ అడుగు అంతస్తులు ఖాళీపడెను. ఓడ కంపెనీలవారు బుద్ధిమంతులు. ఆ గదులకే రంగులు వేసి, పడకలు సవరించి, "టూరిస్టు థర్డు క్యాబిన్" అని పేరు పెట్టి, విదేశములు చూడగోరు విద్యార్థులకును ఉపాధ్యాయులకును అమ్మిరి. మా పంతుళ్ల జాతి ఏ దేశమునందైనను నడిమి తరగతికే ఆశపడును గాబోలు!

ఇక విమానములు. 1948 జూన్ 8వ తేదీన మన ఎయిర్ ఇండియా వారి "మలబార్ ప్రిన్సెస్" బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు పోయెను. ఆ దినములలో విమానప్రయాణమే ధనికుల సొత్తు గనుక తరగతుల ప్రసక్తి అంతగా లేదు. 1952లో అట్లాంటిక్ మార్గమున వెల తగ్గించిన టూరిస్టు తరగతియు, 1958లో ఎకానమీ అనునదియు ఏర్పడెను. 1978 ప్రాంతమున ఈ రెంటికి నడుమ వ్యాపారస్థుల కొఱకు బిజినెస్ క్లాసు పుట్టెను. అదియు మొదట నడిమి తరగతియే! ఎకానమీలో పూర్తి వెల చెల్లించువానికి కొంచెము నెమ్మది కలుగజేయుట దాని యుద్దేశము. అది కుర్చీ వెడల్పు చేసికొని, పిదప వాల్చుకొని, తుదకు పడకగా పఱచుకొని మొదటి తరగతినే మింగివైచెను. నడుమ మరల గోయి యేర్పడెను. ఆ గోతిని పూడ్చుటకు 1992 ప్రాంతమున తైవాను దేశపు ఎవా ఎయిర్ వారును, ఇంగ్లండులోని వర్జిన్ అట్లాంటిక్ వారును క్రొత్త నడిమి తరగతిని పెట్టిరి. జర్మనీవారి లుఫ్తాన్సా 2014లో పెట్టెను. మన దేశపు కంపెనీలలో 2015 జనవరిలో ఎగురుట మొదలిడిన విస్తారా దీనిని తెచ్చెను. ఆ విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయినది.

కొలతలు వినుడు. దూరపు విమానములలో సామాన్య తరగతియందు ముందు కుర్చీకిని వెనుక కుర్చీకిని ఎడము సుమారు 31 అంగుళములు. ఈ నడిమి తరగతియందు సుమారు 38 అంగుళములు. కుర్చీ కొంత వెడల్పు, కొంత హెచ్చుగా వాలును, కాళ్లకు ఆనిక యుండును. వెల ఒకటిన్నర మొదలు రెండు రెట్లవఱకు నుండుట కద్దు. ఆక్రమించు చోటుకంటె రాబట్టు సొమ్ము హెచ్చు గనుకనే కంపెనీలకు దీనిపై మక్కువ. లాభము చూచుకొనుట వర్తకుని ధర్మము, దానిని తప్పుపట్టను.

కాని రైలునకును విమానమునకును ఒక భేదము కలదు. రైలులో క్రొత్త తరగతి పెట్టదలచినచో మఱియొక పెట్టె తగిలింపవచ్చును. విమానము నాలుగు గట్ల నడుమ నున్న పొలమువంటిది. దానిలో క్రొత్త గట్టు వేసినప్పుడు ఎవనిదో మడి తగ్గవలెను. ఎవనిది తగ్గినదన్నదే అసలు ప్రశ్న. ధనికుల మడినుండి కోసినచో నాకు సంతోషము. ఎన్నో విమానములలో మొదటి తరగతిని తీసివేసి ఆ చోటు కొంత నడిమికి ఇచ్చిరి. కాని మఱియొక వైపు చూడుడు. బోయింగ్ 777 అను పెద్ద విమానము 1995లో ప్రయాణికులను మోయ మొదలిడినప్పుడు సామాన్య తరగతిలో వరుసకు తొమ్మిది కుర్చీలు వేయుట వాడుక. తరువాత అదే విమానములో, అదే వెడల్పులో, పలు కంపెనీలవారు పది వేసిరి. విమానము లావెక్కలేదు, కుర్చీ సన్నగిల్లినది. వెనుక ఇఱుకైనకొలది ముందరి నడిమి కుర్చీ అమ్ముట సులభమగును గదా! నడిమి తరగతి కొఱకే ఇఱుకు చేసిరని నే నననుగాని, ఇఱుకు చేయుటవలన దానికి గిరాకి పెరిగిన దనుటకు సందేహింపను.

మన పెద్దలు విందులలో పంక్తిభేదము కూడదనిరి. ఒకే బంతిని కూర్చున్నవారిలో ఒకనికి నేయి ధారగను, పక్కవానికి చుక్కగను వడ్డించుట దోషము. అట్లు చెప్పినవారే బంతులను కులమునుబట్టి వేఱుచేసిరి. ఆ తప్పును నేను కప్పిపుచ్చను. ఇప్పుడు బంతులు రూకనుబట్టి వేఱగుచున్నవి. రూక సంపాదించుకొనవచ్చును గనుక ఇది కొంత మేలే. అయినను కడపటి బంతికి విస్తరి చిన్నది చేసి మొదటి బంతికి మిఠాయి పెట్టువానిని మంచి గృహస్థుడనము.

ఆరోగ్యమునుగూర్చి ఒక మాట. ఇఱుకు కుర్చీవలననే కాళ్లలో నెత్తురు గడ్డకట్టునని కొందఱు భయపెట్టుదురు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండు ప్రయాణమున ఆ ప్రమాదము ఇంచుమించు రెట్టింపగును. అది రైలునకును బస్సునకును కూడ వర్తించును. పెద్ద కుర్చీ కొన్నవాడును లేచి నడువవలసినదే. అయితే మూడు కుర్చీల వరుసలో కిటికీప్రక్కన ఇఱుకుకొన్న ముసలివాడు ఇద్దఱిని లేపి బయటికి రావలెను, మొగమాటముచేత రాడు. ఇది నే నెఱిగిన సంగతి.

కాబట్టి నా మిత్రునికి నేను చెప్పిన బదులిది. నడిమి తరగతి ఉండవలసినదే. డెబ్బదేండ్ల మోకాళ్లతో పదునాఱు గంటలు ఆకాశమున కూర్చుండువానికి ఏడంగుళముల చోటు చిన్న వరము కాదు. దానికై పిల్లలు సంతోషముతో చెల్లించినచో తీసికొనుట తప్పు కాదు. కాని సామాన్య తరగతి కుర్చీకి ఇంతకు తగ్గరాదని ప్రభుత్వము గీత గీయవలెను. కనీసపు కొలతలు నిర్ణయింపుమని అమెరికా చట్టసభ 2018లోనే తమ విమానశాఖను ఆదేశించినది. మన దేశమునను అట్టి నియమము గట్టిగా నుండవలెనని నా మతము. గీత లేనిచో ప్రతి క్రొత్త గట్టును అడుగు మడిలోనికే జరుగును.

నా సొంత అనుభవము చెప్పి విరమించెదను. నేను నా భార్యతో మొదటిసారి అమెరికాకు పోయినప్పుడు సామాన్య తరగతిలోనే పోతిమి. మా చుట్టును మన జిల్లాల ముసలివారు చాలమంది యుండిరి. నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో ఒకరికి వేడినీళ్లు, ఒకరికి మాంసము లేని భోజనము, ఒకరికి దుప్పటి అడిగి యిప్పించితిని. విమానపు అమ్మాయి ఒకమారు విసుగుకొన్నది గాని తెచ్చియిచ్చినది. కాళ్లు వాచినవి, నిద్ర లేదు.

రెండవసారి మా అమ్మాయి పట్టుబట్టి మా కిద్దఱికి నడిమి తరగతి కొన్నది. కాళ్లు చాచుకొంటిమి. వెనుక తెర వేసిరి. నా భార్య మోకాళ్లనొప్పి మాట యెత్తలేదు. నేనును హాయిగా నిద్రపోతిని. దిగి సామానుల కొఱకు నిలుచుండగా దుబ్బాకవైపు ఒక ముసలామె నన్ను గుర్తుపట్టి దగ్గఱకు వచ్చినది. ఆమె మనుమడు ఒకప్పుడు నా శిష్యుడు.

"పంతులూ! మీరు గూడ గీ ఇమానంలనే ఉన్నరా? నాకు తెల్వకపాయె. మంచినీళ్లు ఎట్ల అడగాల్నో తెల్వక రాత్రంత గట్లనే కూసున్న" అన్నది.

ముందుభాగమున నుంటినని చెప్పుటకు నోరాడలేదు. నా చేతిలోని నీళ్ల సీసా ఆమె కిచ్చి, ఆమె పెట్టె వచ్చువఱకు అక్కడనే నిలుచుంటిని.