ఒక ఉత్తర్వు వెనుక ఉన్న కాగితాలు: ట్రూమన్ దస్త్రాలను ఎలా చదవాలి?

1948 జులై 26న అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ రెండు ఉత్తర్వుల మీద సంతకం చేశాడు. వాటిలో 9980వ ఉత్తర్వు ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల్లో జాతి, రంగు, మతం ఆధారంగా వివక్ష ఉండకూడదంది. 9981వ ఉత్తర్వు సాయుధ దళాల్లో అందరినీ సమానంగా చూడాలనీ, సమాన అవకాశాలు ఇవ్వాలనీ చెప్పింది. పాఠ్యపుస్తకాల్లో ఈ కథ సంతకంతో మొదలై సంతకంతోనే ముగుస్తుంది. ఒక మంచి మనసున్న నాయకుడు అణగారిన వాళ్లకు న్యాయం చేశాడన్న మాటే విద్యార్థులకు మిగులుతుంది.

ఆ సంతకానికి ముందు రెండున్నరేళ్లలో పేరుకున్న కాగితాలు చదివితే ఈ కథ నిలబడదు. వినతిపత్రాలు, టెలిగ్రాములు, అఫిడవిట్లు, హెచ్చరికలు, ఎన్నికల లెక్కలు అన్నీ ఆ పెట్టెల్లో ఉన్నాయి. ఆ కాగితాలు ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఎలా చదవాలో, అంబేడ్కర్‌వాదులుగా మనం వాటి నుంచి ఏం తీసుకోవచ్చో ఈ వ్యాసంలో చెప్పదలిచాం.

కాగితాలు ఎవరివి?

ట్రూమన్ కాలంలో అధ్యక్షుడి కాగితాలు ఆయన సొంత ఆస్తి. పదవి దిగిపోయేటప్పుడు ఇంటికి తీసుకెళ్లొచ్చు, కావాలంటే తగలబెట్టొచ్చు. అవి ప్రజల ఆస్తి అని చెప్పే చట్టం 1978లో గానీ రాలేదు. అంతకుముందు 1955లో వచ్చిన చట్టం ఒక మధ్యేమార్గం చూపింది. మాజీ అధ్యక్షులు తమ కాగితాలనూ, గ్రంథాలయ భవనాన్నీ ప్రభుత్వానికి దానంగా ఇస్తే జాతీయ ఆర్కైవ్స్ వాటిని నిర్వహిస్తుంది. మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో 1957 జులై 6న ప్రారంభమైన ట్రూమన్ గ్రంథాలయం ఆ పద్ధతిలో వచ్చిందే.

దానంగా వచ్చిన కాగితాలన్న సంగతి పరిశోధకులు మరిచిపోకూడదు. అధికారంలో ఉన్నవాళ్లు దాచి ఉంచినవే మన దాకా వస్తాయి. అయినా అక్కడ దొరికేది తక్కువేం కాదు. అధ్యక్షుడి కార్యాలయపు ఫైళ్లున్నాయి. ఆయన కార్యదర్శి విడిగా ఉంచిన ఫైళ్లున్నాయి. క్లార్క్ క్లిఫర్డ్, జార్జ్ ఎల్సీ, డేవిడ్ నైల్స్, ఫిలియో నాష్ వంటి సహాయకుల కాగితాలున్నాయి. పౌర హక్కుల మీద వేసిన కమిటీ, సైన్యంలో సమానత్వం మీద వేసిన కమిటీల రికార్డులూ అక్కడే ఉన్నాయి. చాలా పత్రాల నకళ్లను గ్రంథాలయం ఇంటర్నెట్‌లో పెట్టింది. వాటికోసం వీసా అక్కర్లేదు.

ఒక సైనికుడి కళ్లు

1946 ఫిబ్రవరి 12. రెండో ప్రపంచ యుద్ధం ముగించుకుని, జార్జియాలోని సైనిక శిబిరం నుంచి ఆ రోజే విడుదలైన నల్లజాతి సార్జెంట్ ఐజాక్ వుడార్డ్ యూనిఫారంలోనే బస్సెక్కి ఇంటికి బయల్దేరాడు. దారిలో మూత్రవిసర్జనకు బస్సు ఆపమని అడిగితే డ్రైవర్‌తో మాటామాటా పెరిగింది. దక్షిణ కరోలినాలోని బేట్స్‌బర్గ్‌లో డ్రైవర్ పోలీసులను పిలిచాడు. ఊరి పోలీసు అధిపతి లిన్‌వుడ్ షల్ లాఠీతో కొట్టిన దెబ్బలకు వుడార్డ్ రెండు కళ్లూ శాశ్వతంగా పోయాయి. పైగా తాగి అల్లరి చేశాడంటూ ఆయన మీదే కేసు పెట్టి శిక్ష వేశారు.

ఈ ఘటన వైట్‌హౌస్ దాకా తనంతట తాను నడిచి వెళ్లలేదు. నల్లజాతి ప్రజల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఏప్రిల్‌లో వుడార్డ్ చేత ప్రమాణపూర్వకంగా వాంగ్మూలం ఇప్పించింది. జులై 28న ఆర్సన్ వెల్స్ ఆ వాంగ్మూలాన్ని రేడియోలో దేశమంతటికీ చదివి వినిపించాడు. అయితే చూపు కోల్పోయిన మనిషి ఆ ఊరేదో ఖచ్చితంగా చెప్పలేకపోయాడు. వాంగ్మూలంలో ‘ఏకెన్’ అని రాశారు. ఏకెన్ అధికారులు ఇదే అదనుగా మా ఊళ్లో అలాంటిదేమీ జరగలేదని ఎదురుదాడికి దిగారు. సంఘం వెనక్కి తగ్గకుండా విచారణ చేసి అసలు ఊరు బేట్స్‌బర్గ్ అని తేల్చింది. నిజనిర్ధారణకు వెళ్లే మన మిత్రులకు ఈ అనుభవం కొత్త కాదు. ఊరి పేరో, టైమో, ఒక్క వివరం తప్పితే చాలు, మొత్తం ఘటనే అబద్ధమనే వాళ్లు కాచుకుని ఉంటారు.

అదే జులై 25న జార్జియాలోని మన్రో దగ్గర రెండు నల్లజాతి జంటలను ఒక గుంపు కాల్చి చంపింది. చనిపోయినవారిలో ఒకరు యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు. సెప్టెంబర్ 19న ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ బృందం ట్రూమన్‌ను కలిసి ఈ ఘటనలన్నీ ముందు పెట్టింది. మరుసటి రోజే ట్రూమన్ అటార్నీ జనరల్ టామ్ క్లార్క్‌కు ఉత్తరం రాశాడు. యూనిఫారంలో ఉన్న సార్జెంట్ కళ్లు పొడిచేశారనీ, ఇలాంటి వాటిని అరికట్టడానికి ఒక విధానం కావాలనీ దాని సారాంశం. కొద్ది రోజుల్లోనే ఫెడరల్ ప్రభుత్వం షల్ మీద కేసు పెట్టింది. నవంబర్‌లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ సుమారు అరగంటలో అతన్ని నిర్దోషి అని వదిలేసింది.

ఈ ఉత్తరాన్ని ఎలా చదవాలో కూడా చూద్దాం. 1948 ఆగస్టులో ట్రూమన్ ఒక పాత మిత్రుడికి జవాబు రాశాడు. పౌర హక్కుల జోలికి పోవద్దని ఆ మిత్రుడు సలహా ఇచ్చాడు. జవాబులో ట్రూమన్ మళ్లీ వుడార్డ్ సంగతే ఎత్తాడు. కానీ అందులో మేయరూ పోలీసూ కలిసి కొట్టారనీ, ఒక కన్ను పోయిందనీ ఉంది. పోయింది రెండు కళ్లు, కొట్టింది పోలీసు అధిపతి. దేశాధ్యక్షుడి సంతకం ఉన్నంత మాత్రాన కాగితంలోని వివరం నిజమైపోదు. వుడార్డ్ సొంత మాట కావాలంటే ట్రూమన్ పెట్టెలు చాలవు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న ఎన్‌ఏఏసీపీ కాగితాల దగ్గరికి వెళ్లాలి. బాధితుడి గొంతును భద్రం చేసింది బాధితుల సంఘమే.

కమిటీ చెప్పింది, చట్టసభ చేసింది

1946 డిసెంబర్ 5న 9808వ ఉత్తర్వుతో ట్రూమన్ పౌర హక్కుల కమిటీ వేశాడు. మొత్తం పదిహేను మంది సభ్యులు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అధిపతి చార్లెస్ విల్సన్ అధ్యక్షుడు. న్యాయవాది శేడీ అలెగ్జాండర్, మతపెద్ద చానింగ్ టోబియాస్ అందులోని నల్లజాతి సభ్యులు. 1947 అక్టోబర్ 29న వచ్చిన కమిటీ నివేదిక ‘టు సెక్యూర్ దీజ్ రైట్స్’. మూకహత్యలకు వ్యతిరేకంగా ఫెడరల్ చట్టం, ఓటు వేయడానికి కట్టాల్సిన పన్ను రద్దు, సైన్యంలో వేర్పాటు అంతం వంటివి దాని సిఫార్సులు.

ఆ తర్వాతి చరిత్ర పక్కపక్కన పెట్టి చూడాలి. 1948 ఫిబ్రవరి 2న ట్రూమన్ ఈ చట్టాలు చేయమని చట్టసభకు సందేశం పంపాడు. దక్షిణాది సభ్యులు అడ్డుపడ్డారు. ఫెడరల్ ఎన్నికల్లో ఓటు పన్ను రద్దు కావడానికి 1964 దాకా పట్టింది. మూకహత్యను ఫెడరల్ నేరంగా ప్రకటించే చట్టం వచ్చింది 2022లో. నివేదికకూ చట్టానికీ మధ్య డెబ్బై నాలుగేళ్లు!

ఉత్తర్వు ఎందుకు వచ్చింది?

ట్రూమన్ మనసు మారిందా? గ్రంథాలయంలోనే ఉన్న ఆయన సొంత ఉత్తరాలు ఈ ప్రశ్నను తేలిగ్గా వదలనివ్వవు. బానిసలను ఉంచుకున్న కుటుంబాల వారసుడాయన. 1911లో, తర్వాత తన భార్య అయిన బెస్‌కు రాసిన ఉత్తరంలో నల్లవారినీ చైనీయులనూ నీచంగా తీసిపారేశాడు. ఆ మనిషే ముప్పై ఏడేళ్ల తర్వాత 9981 మీద సంతకం పెట్టాడు. వుడార్డ్ ఘటన ఆయన్ను కదిలించిందన్నది ఉత్తరాల్లో కనిపిస్తుంది. అయితే కదలిక నుంచి ఉత్తర్వు దాకా తీసుకొచ్చిన ఒత్తిడి కూడా పక్క ఫైళ్లలో కనిపిస్తుంది.

1948 మార్చి 22న రైల్వే కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ మరికొందరితో కలిసి ట్రూమన్ ముందు కూర్చున్నాడు. ఇంట్లో ప్రజాస్వామ్యం లేకుండా బయట ప్రజాస్వామ్యం కోసం తుపాకీ పట్టడానికి నల్లజాతి యువకులు సిద్ధంగా లేరని ముఖం మీదే చెప్పాడు. మార్చి 31న సెనేట్ కమిటీ ముందు, వేర్పాటు ఉన్న సైన్యంలో చేరవద్దని యువకులకు పిలుపునిస్తానన్నాడు. ఇక ఎన్నికల లెక్క. 1947 నవంబర్‌లో క్లిఫర్డ్ అధ్యక్షుడికి ఇచ్చిన రాజకీయ మెమో ఉత్తరాది పెద్ద రాష్ట్రాల్లో నల్లజాతి ఓటు గెలుపోటములను తేల్చగలదని చెప్పింది. ఉద్యమం, ఓటు, అంతర్జాతీయంగా పోతున్న పరువు కలిస్తేనే ఆ కలం కదిలింది.

ఉత్తర్వు పాఠాన్ని కూడా జాగ్రత్తగా చదవండి. 9981లో ‘వేర్పాటు’ అనే మాటే లేదు. ఆ ఖాళీని పట్టుకుని సైన్యం రెండేళ్లు కాలయాపన చేసింది. నల్లవారి సంఖ్య పది శాతం మించకూడదన్న కోటాను వదలడానికి ఇష్టపడలేదు. చార్లెస్ ఫాహీ నాయకత్వంలోని కమిటీ అధికారులతో ఒక్కో అంశం మీదా వాదించి, 1950లో ఆ కోటా ఎత్తేయించింది. ఆ ఏడాదే మొదలైన కొరియా యుద్ధం మిగతా పని చేయించింది. చివరి వేర్పాటు దళం రద్దయింది 1954లో. ఉత్తర్వు ఎంత ముఖ్యమో, దాని అమలు ఫైలు అంతకంటే ముఖ్యం.

అంబేడ్కర్ ఉత్తరం

ఈ చరిత్రతో మనకున్న సంబంధం మనం ఊహించుకున్నది కాదు, కాగితం మీద ఉంది. 1946 జులై ప్రాంతంలో, అంటే వుడార్డ్ వాంగ్మూలం రేడియోలో మోగిన రోజుల్లోనే, డాక్టర్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. భారతదేశంలో అంటరానివారి స్థితికీ అమెరికాలో నల్లవారి స్థితికీ చాలా పోలిక ఉందన్నారు. అక్కడి నీగ్రో కాంగ్రెస్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు పంపమని అడిగారు. డుబోయిస్ జులై 31న జవాబు రాస్తూ, అంటరానివారి పట్ల తనకు పూర్తి సానుభూతి ఉందనీ, చేతనైన సాయం చేస్తాననీ చెప్పారు. ఈ రెండు ఉత్తరాలూ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలోని డుబోయిస్ కాగితాల్లో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో చూడొచ్చు.

డుబోయిస్ సంపాదకత్వంలో ఎన్‌ఏఏసీపీ మరో వినతిపత్రం తయారుచేసి 1947 అక్టోబర్ 23న ఐక్యరాజ్యసమితికి ఇచ్చింది. అమెరికా ప్రభుత్వం దాన్ని బలపరచలేదు. ఆరు రోజుల తర్వాత ట్రూమన్ కమిటీ నివేదిక విడుదలైంది. దేశంలోని వివక్ష విదేశాల్లో అమెరికాకు నష్టం తెస్తోందని ఆ నివేదికే ఒప్పుకుంది. అణగారినవాళ్లు ప్రపంచం ముందు నోరు విప్పితే పాలకులు ఎందుకు ఉలిక్కిపడతారో ఈ రెండు తేదీలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

మొదలుపెట్టేవారికి కొన్ని మాటలు

ముందు ప్రతి సేకరణకూ ఉన్న వివరపట్టికను చదవండి. ఏ పెట్టెలో ఏ ఫోల్డర్ ఉందో అందులో ఉంటుంది. వెతికేటప్పుడు ఆ కాలపు మాటలే వాడాలి. ‘నీగ్రో’, ‘కలర్డ్’ అన్న మాటలు ఈరోజు మనం వాడం, కానీ ఫోల్డర్ల మీద ఉన్నవి అవే. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో ‘దళిత’ అని వెతికితే ఏమీ దొరకనట్టే ఇదీ. అక్కడ ‘పంచమ’, ‘డిప్రెస్డ్ క్లాసెస్’, ‘ఆది ద్రావిడ’ అని వెతకాలి. 1917 బెజవాడ సభ తర్వాతి కాలానికి ‘ఆది ఆంధ్ర’ అనీ చూడాలి.

ఫోల్డర్‌లో ఏదైనా పత్రం తీసేసి ఉంటే దాని స్థానంలో ఒక చీటీ ఉంటుంది. తేదీ, రకం, తీసేసిన కారణం అందులో రాస్తారు. ఆ చీటీని కూడా రాసుకోండి. రహస్యంగా ఉంచిన పత్రాన్ని మళ్లీ పరిశీలించమని అడిగే హక్కు పరిశోధకులకు ఉంది. తుది ప్రతితో ఆగకుండా ముసాయిదాలు చూడండి. ఏ మాట కొట్టేశారో, ఎవరు కొట్టేశారో అక్కడ తెలుస్తుంది. ప్రతి ప్రభుత్వ పత్రానికీ జతగా ఉద్యమం వైపు నుంచి ఒక పత్రం వెతకండి.

వుడార్డ్ 1992లో చనిపోయారు. ఆయన మీద 1946లో వేసిన శిక్షను బేట్స్‌బర్గ్‌లో ఒక న్యాయమూర్తి 2018లో కొట్టేశారు. కళ్లు పోగొట్టినవాడికి ఏనాడూ శిక్ష పడలేదు. కానీ ఏం జరిగిందో ఈరోజు ఎవరూ కాదనలేరు. 1946 ఏప్రిల్‌లో ఒక సంఘం కార్యకర్తలు చూపులేని మనిషి పక్కన కూర్చుని ఆయన చెప్పింది రాసుకున్నారు, అవసరమైన చోట సరిదిద్దారు, దాచారు. మన పల్లెల్లో జరిగే ప్రతి దాడి తర్వాత ఎఫ్ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, బాధితుల వాంగ్మూలం, కలెక్టర్‌కు ఇచ్చిన అర్జీ రసీదు భద్రపరచడం కూడా అలాంటి పనే. రేపు ఈ కాలపు చరిత్ర రాసేవాళ్లు ముందు అడిగేది ఆ కాగితాలనే.