కోటగోడ మిగిల్చిన నగరం

ఐరోపా ఖండపు ఉత్తర భాగంలోని డెన్మార్క్, నార్వే, స్వీడన్ దేశాలను కలిపి స్కాండినేవియా అంటారు. రెండు రోజుల సెలవు చూసుకుని, ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకుని అక్కడికి వెళ్లేవారికి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ పూర్తిగా కాలినడకకు లొంగే నగరంగా కనిపిస్తుంది. నగర సభా భవనం ముందున్న మైదానం నుంచి పాత రేవుకాలువ దాకా మాట్లాడుకుంటూ నడిచినా అరగంట పట్టదు. రాజభవనాలు, చర్చిలు, అంగళ్లు, తోటలు అన్నీ ఆ నడకకు ఇరువైపులా దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఈ ఇముడుబాటు ఎవరో ప్రణాళిక వేసి యాత్రికుల సౌకర్యానికి కల్పించినది కాదు. ఈ నగరం శతాబ్దాల పాటు, 19వ శతాబ్దం మధ్యకాలం వరకూ, కోటగోడల నడుమ ఇరుకున బతికినందువల్ల ఏర్పడింది.

బాల్టిక్ సముద్రానికి దారి ఇచ్చే ఓరెసుండ్ జలసంధి ఒడ్డున చేపలు పట్టేవారి పల్లెగా ఉన్న ఈ చోటు బిషప్ అబ్సలోన్ చేతికి రాగా, ఆయన 1167 ప్రాంతంలో ఇక్కడ ఒక కోట కట్టించాడని చరిత్రకారులు చెబుతారు. ఆ కోట పునాదులు నేడు డెన్మార్క్ పార్లమెంటు కొలువైన క్రిస్టియన్స్‌బోర్గ్ భవనం కింద సందర్శకులకు కనిపిస్తాయి. నగరం పేరుకు ‘వర్తకుల రేవు’ అని అర్థం. మధ్యయుగంలో ఊరి చుట్టూ గోడ లేచినప్పుడు పడమటి ద్వారం నేటి సభా భవన మైదానం దగ్గర, తూర్పు ద్వారం నేడు ‘కొత్త రాజాంగణం’ అన్న అర్థంతో పిలిచే కూడలి దగ్గర ఉండేవి. ఆ రెండు కొసలనూ కలుపుతూ సాగే వీధుల వరుసకే తర్వాతి కాలంలో షికారు దారి అన్న భావంతో స్ట్రోయెట్ అన్న పేరు స్థిరపడింది.

1588 నుంచి 1648 వరకు పాలించిన నాలుగో క్రిస్టియన్ రాజు ఈ నగరాన్ని విస్తరింపజేసి, నీటికి ఆవల క్రిస్టియన్స్‌హావ్న్ అనే కొత్త పేటను వేయించాడు. మెట్లకు బదులు 209 మీటర్ల పొడవున చుట్లు తిరిగే వాలుదారితో కట్టిన గుండ్రటి బురుజు, రుందేటోర్న్, 1642లో ఆయన హయాంలోనే పూర్తయింది. నేల వైపు గోడలతో మూసుకున్న ఈ నగరం నీటి వైపు మాత్రం లోకానికంతటికీ తెరుచుకుని ఉండేది. 1616లో ఏర్పడిన డేనిష్ ఈస్టిండియా కంపెనీ 1620లో తమిళ తీరాన తరంగంబాడిని స్థావరంగా పొందింది. ఆ స్థావరంలో డేనిష్ రాజు ప్రాపకంతో 1706లో మొదలైన క్రైస్తవ మిషన్‌కు చెందిన జర్మన్ మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి వ్యాకరణం రాయడం, 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలను అచ్చు వేయించడం కోపెన్‌హాగన్ రేవు నుంచి సాగిన ఓడదారికి తెలుగు భాషతో ఏర్పడిన చిన్నదైనా నిజమైన బంధం.

1658 నుంచి 1660 వరకు స్వీడన్ సైన్యం నగరాన్ని ముట్టడించి, 1659 ఫిబ్రవరిలో ఒక రాత్రి గోడలెక్కే ప్రయత్నం చేసి విఫలమైన తర్వాత రక్షణ మరింత బిగిసింది. ఉత్తరాన కాస్టెలెట్ అనే నక్షత్రాకారపు దుర్గం రూపుదిద్దుకుంది. ఆ యుద్ధంలో పట్టుబడిన స్వీడన్ సైనికుల చేత 1670ల ఆరంభంలో తవ్వించిన రేవుకాలువే నేడు రంగురంగుల ఇళ్ల వరుసతో ప్రసిద్ధమైన న్యుహావ్న్, అంటే ‘కొత్త రేవు’. సరకు ఓడలు నడివీధి దాకా రావడానికి తవ్విన ఆ కాలువ గట్టు చాలాకాలం నావికులకూ సారాయి దుకాణాలకూ నెలవు. కథకుడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ వేర్వేరు కాలాల్లో ఆ గట్టు మీది మూడు ఇళ్లలో నివసించాడు.

గోడ రక్షణ ఇచ్చింది, కానీ దానికి మూల్యం నగరవాసులు చెల్లించారు. శత్రువు చాటు చేసుకోకుండా, ఫిరంగి గుండుకు అడ్డు లేకుండా ఉండాలని గోడ వెలుపల చాలా దూరం వరకు శాశ్వతమైన ఇళ్లు కట్టడాన్ని సైన్యం నిషేధించింది. దానితో జనం పెరిగిన కొద్దీ ఇళ్ల మీద అంతస్తులు, పెరళ్లలో మళ్లీ ఇళ్లు లేచాయి. 1801 నాటికి సుమారు లక్ష మంది ఆ ఆవరణలోనే కిక్కిరిసి ఉన్నారు. 1728లో, 1795లో చెలరేగిన అగ్నిప్రమాదాలు పాత నగరంలో అధిక భాగాన్ని బూడిద చేయగా, 1807లో బ్రిటిష్ సేనలు కురిపించిన గుండ్లకు మరికొన్ని వీధులు తగలబడ్డాయి. 1795 తర్వాత నాలుగు రోడ్ల కూడళ్లలో ఇళ్ల మూలలను ఏటవాలుగా కోసి కట్టాలని నియమం పెట్టారు. నిప్పునార్పే పొడవాటి నిచ్చెనల బండ్లు ఇరుకు సందుల్లో మలుపు తిరగడానికి చేసిన ఆ ఏర్పాటు నేటికీ పాత నగరపు కూడళ్లకు ప్రత్యేకమైన ఆకృతినిస్తోంది.

ఆ ఇరుకులో ఊపిరి పీల్చుకోవడానికి ప్రజలకు దొరికినది నడకే. చెట్లు నాటిన కోటగట్టు మీద సాయంకాలపు షికారు అన్ని తరగతుల వారికీ అలవాటైంది. 1813లో స్ట్రోయెట్ దారిలోని ఒక కూడలి పక్కన పుట్టిన తత్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ తోడు నడిచేవారితో సంభాషిస్తూ ఈ వీధుల్లో తిరగడాన్ని తన ఆలోచనకు ఆధారంగా చేసుకున్నాడు. 1843 ఆగస్టు 15న గేయోర్గ్ కార్స్‌టెన్సెన్ పడమటి ద్వారం వెలుపల, కోటకు చెందిన నేల మీద, టివోలీ అనే వినోదోద్యానాన్ని తెరిచాడు. ఆ నేల సైన్యానిది కాబట్టి అక్కడి కట్టడాలను తేలికగా, ఎక్కువగా కలపతో నిర్మించారు. తోటలోని చెరువు కోట చుట్టూ ఉన్న అగడ్తలో మిగిలిన ముక్క.

గోడకు చివరి తీర్పు చెప్పినది యుద్ధం కాదు, రోగం. 1853 వేసవిలో కలరా వ్యాపించి సుమారు 4,700 మందిని బలిగొన్నప్పుడు, మురుగు పారే దారి లేని ఇరుకు నివాసాలే దానికి ఆజ్యం పోశాయన్న సంగతి అందరికీ అర్థమైంది. అదే దశాబ్దంలో వైద్యుల సంఘం పేదల కోసం గోడ వెలుపల గాలీ వెలుతురూ తగిలే ఇళ్ల వరుసలు కట్టించింది. నగర ద్వారాలను కూల్చివేశారు. ద్వారాల నుంచి బయటికి పోయే రాళ్లు పరచిన దారులను ‘బ్రో’ అనేవారు. వాటి వెంట పెరిగిన పేటలే నేటి వెస్టర్‌బ్రో, నోరెబ్రో, ఓస్టర్‌బ్రో. గట్టూ అగడ్తా ఉన్న జాగాలో కొంత భాగాన్ని మాత్రం ఇళ్లకు ఇవ్వకుండా వృక్షశాస్త్ర ఉద్యానంగా, ఓర్‌స్టెడ్ పార్కుగా, మరికొన్ని తోటలుగా ఉంచడం, ఊపిరాడక బాధపడిన ఒక నగరం తన తర్వాతి తరాల పట్ల చూపిన దయగా భావించదగినది.

1962 నవంబరులో స్ట్రోయెట్‌లో కార్లను ప్రయోగాత్మకంగా నిలిపివేసినప్పుడు దుకాణదారులు వ్యాపారం దెబ్బతింటుందని భయపడ్డారు; కాని జనం పెరిగారు, ఆ మార్పు స్థిరపడింది. వాస్తుశిల్పి యాన్ గేల్ ఈ వీధుల్లో మనుషులు ఎక్కడ నిలుస్తారో, ఎక్కడ కూర్చుంటారో లెక్కించి రాసిన అధ్యయనాలు ఇతర దేశాల నగర నిర్మాతలకు పాఠాలయ్యాయి. ఒక ద్వారం నుంచి మరో ద్వారానికి మనిషి నడవగలిగినంత దూరంగా మధ్యయుగంలో ఏర్పడిన కొలతే కార్లను ఆపిన ఆ నిర్ణయాన్ని సాధ్యం చేసింది. నేడు ఇద్దరు స్నేహితులు పగలంతా ఆ దారిలో నడిచి, సాయంత్రం టివోలీ చెరువు గట్టున కూర్చున్నప్పుడు వారి ఎదుట దీపాల వెలుగులో మెరిసేది, శత్రువును ఆపడానికి ఒకనాడు తవ్విన అగడ్తలోని నీరే.