మరణ పత్రం చదివిన అకౌంటెంట్

1939లో వచ్చిన ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ చూసినవాళ్లకు ఈ ఘట్టం గుర్తుంటుంది. సుడిగాలికి ఎగిరొచ్చిన డొరోతీ ఇల్లు మంచ్‌కిన్‌లనే పొట్టి మనుషుల ఊళ్లో పడుతుంది. దాని కింద నలిగి తూర్పు దిక్కు మంత్రగత్తె చస్తుంది. నిజంగా చచ్చిందా లేదా అన్నది తేల్చాల్సింది ఆ ఊరి శవపరీక్ష అధికారి. ముదురు రంగు అంగీ, పొడవాటి గడ్డం, అంచులు పైకి చుట్టుకుపోయిన ఇంత పెద్ద టోపీతో వచ్చి మరణ పత్రం విప్పి చూపిస్తాడు. తెరమీద ఆయన పట్టుమని పావు నిమిషం కూడా ఉండడు. వినిపించే గొంతు కూడా ఆయనది కాదు. మంచ్‌కిన్‌ల మాటలు, పాటలు చాలావరకు వేరేవాళ్లతో చెప్పించి, పాడించి, వేగం పెంచి అతికించారు.

ఆ వేషం వేసిన మైన్‌హార్డ్ రాబీకి అప్పటికి ఇరవై మూడేళ్లు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదివి పట్టా పుచ్చుకున్నారు. ఎత్తు తక్కువ మనిషి కావడంతో, ఆ పట్టాతో ఉద్యోగానికి తిరిగితే తలుపులు తెరుచుకోలేదు. మీలాంటివాళ్లకు తగిన చోటు కార్నివాల్ అని ఒకచోట మొహం మీదే చెప్పారు. చివరికి ఆస్కార్ మేయర్ అనే మాంసం కంపెనీ తీసుకుంది. ఆయన చదువు కంటే ఎత్తే ఆ కంపెనీకి ఎక్కువ పనికొచ్చింది. వంటవాడి దుస్తులు తొడిగి, నెత్తిన పొడవాటి తెల్ల టోపీ పెట్టి, ‘లిటిల్ ఆస్కార్’ అని పేరు పెట్టి, ప్రపంచంలోకెల్లా చిన్న వంటవాడని ఊరూరా ప్రచారానికి పంపింది. 1936లో తయారైన సాసేజ్ ఆకారపు వాహనం ‘వీనర్‌మొబైల్’ ఆ ప్రచార రథం. రాబీ సుమారు ముప్ఫై ఏళ్లు ఆ కంపెనీలోనే పనిచేశారు. ఎంబీఏ కూడా చేశారు. విమానం నడపడం నేర్చుకుని రెండో ప్రపంచ యుద్ధకాలంలో సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో సేవలందించారు. ఇంత మనిషిని జనం గుర్తుపట్టింది మాత్రం ఆ పావు నిమిషంతో, ఆ తెల్ల టోపీతో.

ఆయన జీవితంలో మరో ఘట్టం 1933 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శన. ఎత్తు తక్కువ మనుషులతో అక్కడ ఒక చిన్న ‘గ్రామం’ కట్టి, టికెట్ పెట్టి చూపించారు. విద్యార్థిగా ఉన్న రాబీ అక్కడ పనికి కుదిరారు. తనలాంటివాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని ఆయనకు తెలిసింది అక్కడే. జనం వింత చూడ్డానికి డబ్బిచ్చిన చోటే ఆయనకు తనవాళ్లు దొరికారు. వేషాలు వేసినవాళ్లను తప్పుపట్టే ముందు ఈ సంగతి తలుచుకోవాలని నాకనిపిస్తుంది.

అదే 1933లో, న్యూయార్కర్ హోటల్ లాబీలో ఇంకో కథ మొదలైంది. నాలుగడుగులు కూడా లేని జానీ రోవెంటినీ అక్కడ బెల్‌బాయ్. ప్రకటనల వ్యాపారి మిల్టన్ బయో ఆయన్ని పిలిచి, ఫిలిప్ మోరిస్ అనే ఆయన కోసం కేకేయమన్నారు. అది సిగరెట్ పేరని జానీకి తెలియదు. హోటల్‌కు వచ్చిన అతిథి ఎవరో అనుకుని లాబీ అంతా తిరుగుతూ ఖంగుమనే గొంతుతో ఆ పేరు పిలిచారు. బదులు పలికినవాళ్లు లేరుగానీ ఆ గొంతు రేడియోకెక్కింది. ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు, నెత్తిన గుండ్రటి చిన్న టోపీ పోస్టర్లకెక్కాయి. కంపెనీ ఆయన్ని సజీవ ట్రేడ్‌మార్క్ అని చెప్పుకుంది. అన్ని ఊళ్లకూ ఒక్కరే వెళ్లలేరు గనక అదే ఎత్తున్న మరికొందరికి అవే దుస్తులు తొడిగి ‘జానీ జూనియర్’లని తిప్పింది. జానీకి జీతం బాగానే ముట్టింది, పేరూ వచ్చింది. నాలుగు దశాబ్దాలు ఆ పనిలో ఉండి, 1998లో ఎనభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ ప్రకటన నన్ను కలవరపెట్టేది మరో కారణానికి. ఆ దుస్తుల్లో ఎదిగిన మగవాడు చూసేవాళ్లకు ఎప్పటికీ కుర్రాడిలాగే కనబడతాడు. అమ్ముతున్నదేమో పొగాకు. పసివాడిలా కనిపించే మనిషి నోట సిగరెట్ పేరు ఇంటింటా మోగించారు. పిల్లలకు ఆ పేరు ముద్దుగా వినిపించకుండా ఎలా ఉంటుంది? ఒక మనిషి శరీరాన్ని వాడుకున్న తీరులోకెల్లా దారుణం ఇదేనని నా నమ్మకం.

ఇలాంటి వేషాలతోనే బతికిన నటుడు బిల్లీ బార్టీ 1957లో నెవాడా రాష్ట్రం రీనోలో తోటివారిని పోగుచేశారు. ‘లిటిల్ పీపుల్ ఆఫ్ అమెరికా’ సంఘం అలా పుట్టింది. వేదిక కోసం, టికెట్ కోసం కాకుండా తమ బాగోగులు మాట్లాడుకోవడానికి కలవడం వాళ్లలో చాలామందికి కొత్త. తెరమీద ఎదురుతిరగడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1995 నాటి ‘లివింగ్ ఇన్ ఒబ్లివియన్’ సినిమాలో ఎత్తు తక్కువ నటుడు పీటర్ డింక్లేజ్ పాత్ర, కల దృశ్యం అనగానే మరుగుజ్జును తెచ్చి నిలబెట్టడమేమిటని దర్శకుణ్ణి నిలదీస్తుంది. ఆయనే తర్వాత ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో టిరియన్‌గా నాలుగు ఎమ్మీలు గెలిచారు.

మన సంగతికొస్తే, తెలుగువారైన సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘విచిత్ర సోదరులు’ అందరికీ గుర్తే. అందులో సర్కస్‌లో పనిచేసే మరుగుజ్జు అప్పుకు ప్రేమ ఉంది, అవమానం ఉంది, పగ తీర్చుకునే తెలివీ ఉంది. నవ్వించి పక్కకు తప్పుకునే పాత్ర కాదది. ఆ వేషం కోసం కాళ్లు మడిచి కమల్‌హాసన్ పడ్డ శ్రమను తక్కువ చేయలేం. అయినా అసలైన ఎత్తు తక్కువ నటులకు ఆ సినిమాలో దక్కింది వెనక వరసే.

మలయాళంలో ఆ వరస కదిలింది. గిన్నిస్ పక్రుగా పేరుపడ్డ అజయ్‌కుమార్ 2005లో ‘అద్భుత ద్వీపు’లో కథానాయకుడయ్యారు. ఆయన ఎత్తు రెండున్నర అడుగులు. 2013లో ‘కుట్టీం కోలుం’కు ఆయనే దర్శకుడు. ఎవరికి ఏ వేషమివ్వాలో, కెమెరా ఎవరి కళ్ల ఎత్తులో పెట్టాలో ఆ సెట్లో నిర్ణయించింది ఆయనే.